అయ్యకోనేరు దగ్గర పాత ఇటుక తూము, సెప్టిక్ ట్యాంకు: నురుగు కాంక్రీటుతో నింపవచ్చా?

కోనేటిగట్టు మాష్టారు (విజయనగరం) | మార్చి 9, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. కాంక్రీటు గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

సంక్రాంతికి ముందు పక్కింటికి ఇసుక తెచ్చిన ట్రాక్టరు వెనక చక్రం మా గేటు ముందు దిగబడిపోయింది. జాకీ పెట్టి లేపి చూస్తే కింద మట్టి లేదు. టార్చి వేస్తే ఇటుకతో కమాను కట్టిన పాత తూము కనిపించింది. వెదురు బొంగు దింపి కొలిచాం. వెడల్పు 3 అడుగులు, కమాను శిఖరం దాకా ఎత్తు 4 అడుగులు. మూడిళ్ళ పెరళ్ళ కింద నుంచి 60 అడుగుల దూరం వెళ్ళి, అక్కడ మట్టితో పూడిపోయి ఉంది. దాన్ని ఆనుకుని పాత సెప్టిక్ ట్యాంకు ఒకటి, 8 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 లోతు. వీధికి సిమెంటు కాలువ వచ్చిన దగ్గర నుంచి ఈ రెండింటినీ ఎవరూ వాడటం లేదు.

సర్వేయరు కొలిచి, తూము మా మూడిళ్ళ స్థలంలోనే ఉందని, గేటు ముందు 4 అడుగులు మాత్రం వీధిలోకి వస్తుందని చెప్పాడు. మేస్త్రీ పగలగొట్టిన గోడల రబ్బిష్ పోసి పైన గచ్చు చేసేద్దాం అంటున్నాడు. మా అబ్బాయి స్నేహితుడు ఫోమ్ కాంక్రీటు అనే మాట చెప్పాడు. పిల్లలు ఆడుకునే పెరడు ఇది. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఏది మంచిది?

చీపురుపల్లి | మార్చి 9, 8:15

మాష్టారూ, రబ్బిష్ మాత్రం వద్దు. మా పెద్దనాన్నగారి పెరట్లో పాత గొయ్యి అలాగే పూడ్చాం. నీళ్ళు పోసి తొక్కించాం కూడా. రెండు వర్షాకాలాలు గడిచేసరికి దాని మీద వేసిన తులసికోట అరుగు ఒక పక్కకు ఒరిగిపోయింది. పెద్ద పెళ్ళల మధ్య ఖాళీలుంటాయి, వాన నీటితో చిన్న మట్టి వాటిలోకి జారిపోతుంది. మీది నిటారు గొయ్యి అయినా కాదు, అడ్డంగా పోయే తూము. ఒక కన్నంలోంచి పోసిన రబ్బిష్ 60 అడుగులు ఎలా నడుస్తుంది?

సిక్కోలు ఇంజనీరు (శ్రీకాకుళం) | మార్చి 9, 9:30

చీపురుపల్లి గారు చెప్పిందే అసలు విషయం. ఇసుక కూడా అంతే. పోసిన చోట కుప్ప పడుతుంది తప్ప కమాను కింది భాగానికి చేరదు. నీళ్ళతో కొట్టి నెట్టినా పైన జానెడు ఖాళీ మిగిలిపోతుంది.

ఫోమ్ కాంక్రీటు అంటే సిమెంటు, నీళ్ళు కలిపిన పలచని ముద్దలో ముందే తయారుచేసిన నురుగును కలపడం. కంకర ఉండదు, తేలిక రకాల్లో ఇసుక కూడా వేయరు. మామూలు కాంక్రీటు క్యూబిక్ మీటరుకు 2400 కిలోలు తూగితే, ఖాళీలు నింపడానికి వాడే నురుగు కాంక్రీటు 400 నుంచి 600 కిలోలే. దోసెల పిండిలా తనంతట తనే పరుచుకుంటుంది, వైబ్రేటరు అక్కర్లేదు. పెడితే నురుగే చచ్చిపోతుంది.

మీ లెక్క వేశాను. తూము కింద 2.5 అడుగులు నిలువు గోడలు, పైన 1.5 అడుగుల వ్యాసార్ధంతో అర్ధవృత్తం అనుకుంటే అడ్డుకోత 11 చదరపు అడుగులు. 60 అడుగులకు సుమారు 662 ఘనపుటడుగులు. ట్యాంకు 240. మొత్తం 902, అంటే 25.5 క్యూబిక్ మీటర్లు. మామూలు కాంక్రీటైతే 61 టన్నులు, 570 కిలోల నురుగు కాంక్రీటైతే పద్నాలుగున్నర టన్నులు. మురుగు ఏళ్ళ తరబడి ఊరి మెత్తబడిన నేల మీద 61 టన్నులు పెట్టమని నేను చెప్పను.

మట్టి పరీక్ష (విజయనగరం) | మార్చి 9, 11:05

ఇంజనీరు గారితో ఒక చోట విభేదిస్తున్నాను. తూము తవ్వకముందు అక్కడున్న మట్టి కూడా క్యూబిక్ మీటరుకు 1800 కిలోల దాకా తూగేదే. ఆ బరువు కింది నేలకు కొత్త కాదు. ఇంత తక్కువ లోతులో నేల కుంగడం ఒక్కటే భయమైతే బరువైన కాంక్రీటును కూడా తట్టుకోవచ్చు.

తేలికదనం పనికొచ్చేది పోసేటప్పుడు. గట్టిపడే దాకా ఇది ద్రవం, పక్కలకు నెడుతుంది. తూము చివర 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు అడ్డుగోడ కట్టారనుకోండి. నిండా మామూలు కాంక్రీటు ఒకేసారి పోస్తే ఆ గోడ మీద సుమారు 1.6 టన్నుల తోపుడు పడుతుంది. 570 కిలోల నురుగైతే 380 కిలోలు. పక్క గోడల మీదా అదే నిష్పత్తి. పాతకాలపు ఇటుక గోడలు, ఇటుకల మధ్య సున్నం అతుకులు (దర్జులు) ఖాళీ అయిపోయి ఉంటాయి. వాటి వెనకే మీ ఇంటి పునాది ఉంది. నేను తేలికది ఎంచుకునేది ఇందుకే.

రెండోది, రేపు ఆ పెరట్లో పైపు వేయాలన్నా, చెట్టు నాటాలన్నా తవ్వుకోవచ్చు. ఇలాంటి పూడికలకు అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 229 కమిటీ ఒక గీత గీసింది. బలం 2.1 మెగాపాస్కల్స్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 10 కిలోల బరువు) దాటకపోతే యంత్రంతో తవ్వవచ్చు, 0.3 లోపైతే పారతో కూడా తవ్వవచ్చు. 570 కిలోల సాంద్రతలో సుమారు 1 మెగాపాస్కల్ వస్తుంది. గునపానికి లొంగుతుంది, మనుషుల్నీ కార్లనీ హాయిగా మోస్తుంది. మామూలు గట్టి మట్టి కంటే చాలా రెట్లు బలం.

కోటగోడ (విజయనగరం) | మార్చి 9, మధ్యాహ్నం 1:20

నాకు ఇంకో బాధ ఉంది. 1713లో కోట కట్టిన ఊరు మనది. కోట చుట్టూ, చెరువుల చుట్టూ నేల కింద ఏమేం ఉన్నాయో పూర్తి పటం ఎవరి దగ్గరా నేను చూడలేదు. ఒక్కసారి నింపేస్తే ఇంక కనబడదు. నింపే ముందు కొలతలు, ఫోటోలు, ఇటుక సైజు, సున్నం రంగు అన్నీ రాసి పెట్టండి.

అసలు నింపడం ఎందుకు? శుభ్రం చేసి వాన నీళ్ళు మళ్ళిస్తే 18 వేల లీటర్ల తొట్టి అవుతుంది కదా. ఏప్రిల్, మే నెలల్లో మనం నీళ్ళకు పడే అవస్థ అందరికీ తెలుసు.

మట్టి పరీక్ష | మార్చి 9, 1:50

కోటగోడ గారూ, మొదటి మాటకు చేతులెత్తి దణ్ణం. రెండోదానికి ఒప్పుకోలేను. మురుగు పారిన ఇటుక దాన్ని పీల్చుకుని ఉంటుంది. అందులో నిలిపిన నీళ్ళు దేనికీ పనికిరావు, ఇంకించితే పక్క బావులు పాడవుతాయి. పైగా చక్రం దిగబడిన కమాను అది. వాన నీటికి వేరే ఇంకుడు గుంత తవ్వుకోవడం మేలు.

టెక్కలి నుంచి దోహా | మార్చి 9, రాత్రి 10:10

మాష్టారూ, నేను ఇక్కడ ఫోమ్ కాంక్రీటు పంపు మీద ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. వాడకం మానేసిన పైపులు, చాంబర్లు నింపాం. పుస్తకంలో దొరకని నాలుగు మాటలు చెప్తాను.

నీళ్ళుంటే పోయకండి. ఇది నీటి కంటే తేలిక. మడుగు మీద పోస్తే నీళ్ళ మీద తేలి గట్టిపడుతుంది, కింద నీళ్ళు అలాగే ఉండిపోతాయి. కొన్నాళ్ళకు ఆ నీళ్ళు ఇంకిపోతే మళ్ళీ ఖాళీ. కాబట్టి మోటారుతో తోడి, అడుగు బురద కూడా తీయించాలి. బురద వదిలేస్తే అది కుళ్ళి కుదించుకుపోతుంది.

గాలికి దారి ఇవ్వాలి. పోసేది ఒక చివర, రెండో చివర కమాను శిఖరంలో 2 అంగుళాల పి.వి.సి. పైపు నిలబెట్టండి. ఆ పైపులోంచి నురుగు ముద్ద పొంగి వచ్చిందంటేనే లోపల నిండినట్టు. నీళ్ళలాంటిది వస్తే ఆపకండి, చిక్కటి ముద్ద వచ్చే దాకా పోయండి.

ఒకే రోజు నింపకండి. ఇది వేడిని బయటికి పోనివ్వదు, సిమెంటు వేడి లోపలే ఉండిపోయి పగుళ్ళు వస్తాయి. లోతు ఎక్కువైతే అడుగున ఉన్న బుడగలు పై బరువుకు నలిగిపోతాయి. రెండు, మూడు అడుగులు పోసి, మర్నాడు దాని మీద ఇంకో వాయి.

నాలుగోది, ప్రతి వాయికీ బకెట్టు తూకం. దాని సంగతి పోసే ముందు చెప్తాను.

మేన్‌హోల్‌లో దిగొద్దు (శ్రీకాకుళం) | మార్చి 10, ఉదయం 6:30

బురద తీయించాలి అన్నారు కదా, ఎవరి చేత? మా నాన్న పారిశుద్ధ్య పనిలో ముప్పై ఏళ్ళు చేశారు, అందుకే ఈ ప్రశ్న అడుగుతున్నాను. సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు తూములోకి మనిషిని దింపకండి. మేస్త్రీ మనిషి దిగుతానన్నా, ఐదువేలు ఎక్కువిస్తే చాలన్నా దింపకండి.

ఆ గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పది లక్షల్లో వంద వంతులకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ఫరవాలేదు అనుకుని దిగిన వాళ్ళు పోతారు, వాళ్ళను లాగడానికి దిగిన వాళ్ళూ పోతారు. పాత రోజుల్లో లాంతరు దింపి చూసేవారు. మీథేన్ ఉంటే లాంతరు మంట పెడుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి లాంతరు చెప్పదు.

2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ఇలాంటి చోట్ల దింపడం నేరం. ఇలా చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బిచ్చినా మనిషి రాడు. సక్షన్ ట్యాంకరు పిలిపించండి, మిగిలింది పైనుంచి నీళ్ళ జెట్‌తో కడగండి.

కోనేటిగట్టు మాష్టారు | మార్చి 10, 8:00

బాబూ, మీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మేస్త్రీకి కూడా. ఎవరినీ దింపం. మాట ఇస్తున్నాను.

సిక్కోలు ఇంజనీరు | మార్చి 10, 9:15

అందరం నింపడం గురించే మాట్లాడుతున్నాం. మాష్టారూ, అది నిజంగా పాడుబడిందేనని మీకెలా తెలుసు?

ఇది నా అనుభవం. ఒక ఊళ్ళో మేం పాత తూము మూసేశాం. కాగితాల్లో వాడకం లేదని ఉంది. మొదటి పెద్ద వానకు రెండు వీధులు పైన ఒక ఇంటి వంటగదిలోకి మురుగు ఎగదన్నింది. ఎప్పుడో వాళ్ళ తాతలు కలిపిన గొట్టం అందులోకే ఉంది. మూసింది కాంక్రీటు, తీయాలంటే తవ్వాలి. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బిందెతో మురుగు ఎత్తి పోస్తూ ఉండిపోయింది. ఇప్పటికీ ఆ దృశ్యం కళ్ళ ముందే ఉంది.

రంగు నీళ్ళు పోసి చూడండి. వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి వంటగది, స్నానాల గది, పెరటి తొట్టి, వాన గొట్టం ఒక్కోదాంట్లో ఒక్కో బకెట్టు పోసి, తూము కన్నం దగ్గర ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. అరగంట ఆగి రెండో ఇంటికి వెళ్ళాలి. వారం పట్టినా సరే.

కోనేటిగట్టు మాష్టారు | మార్చి 18, సాయంత్రం 6:45

ఇంజనీరు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

పదకొండు ఇళ్ళు తిరిగాం. హోలీకి అమ్మిన పచ్చ రంగు కిరాణా కొట్లో మిగిలి ఉంటే కొన్నాను. పది ఇళ్ళ నీళ్ళు సిమెంటు కాలువలోకే వచ్చాయి. పదకొండోది మూల ఇల్లు. ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు, పిల్లలు హైదరాబాదులో. వంటగది, స్నానాల గది బాగానే ఉన్నాయి. వెళ్ళిపోబోతుంటే ఆవిడే, "బాబూ, పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర కూడా నీళ్ళు పోయే కన్నం ఒకటి ఉందర్రా, అదీ చూడండి" అన్నారు. పోశాం. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. మా మనవరాలు కన్నం దగ్గర కూర్చుంది. "తాతా, పచ్చగా వస్తోంది" అని అరిచింది. తూము ఎడమ గోడలో, ఒక ఇటుక ఊడిన చోటు నుంచి, దారంలా సన్నగా.

ఆవిడ రోజూ అక్కడే బట్టలు ఉతుక్కుంటారు. నింపేసి ఉంటే ఆ నీళ్ళు ఆవిడ గోడ కిందే ఊరుతూ ఉండేవి. ఎందుకని ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ రాయి నీళ్ళు కొత్త కాలువలోకి కలపడానికి 22 అడుగుల పైపు పట్టింది. ఖర్చు మూడిళ్ళ వాళ్ళం పెట్టుకున్నాం. ఆవిడ వద్దన్నా వినలేదు.

వీధిలోకి వచ్చే 4 అడుగులకు అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మూడుసార్లు తిప్పారు. కాగితం ఇంకా రాలేదు.

మట్టి పరీక్ష | మార్చి 18, 8:30

మాష్టారూ, మీ మనవరాలికి నా ముద్దులు. ఆ పెద్దావిడకు నమస్కారం. ఉతికే రాయి దగ్గర కన్నం సంగతి ఆవిడ చెప్పకపోతే మీ పరీక్ష పది ఇళ్ళతోనే ముగిసేది.

అనుమతి రాకుండా వీధి భాగం ముట్టుకోకండి. మీ స్థలం హద్దు దగ్గర అడ్డుగోడ కట్టి, లోపలి భాగం మాత్రమే నింపండి.

ఇంకో లెక్క చూసుకోవాలి. వర్షాకాలంలో భూగర్భజలం పైకొస్తే తేలికైన పూడిక పైకి లేస్తుందా అని. మీటరు పొడవుకు పూడిక సుమారు ఒక క్యూబిక్ మీటరు. నీటిలో దాన్ని సుమారు 440 కిలోల బలం పైకి నెడుతుంది. నీళ్ళలో మునిగిన ఇటుక గోడలు, కమాను, పైనున్న రెండడుగుల మట్టి కలిపి కిందికి పట్టుకునేది తక్కువలో తక్కువ 1400 కిలోలు. తూము లేవదు. ట్యాంకు సంగతి వేరు, పైన మూత పలక తప్ప మట్టి లేదు. అడుగున ఊట ఏమైనా ఉందా?

కోనేటిగట్టు మాష్టారు | మార్చి 18, 9:00

ఉంది. తోడిన మర్నాటికి నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు వస్తున్నాయి. ఇది మార్చిలోనే.

సిక్కోలు ఇంజనీరు | మార్చి 19, 7:20

అయితే ట్యాంకులో అడుగు 2 అడుగులు నురుగు వద్దు. సిమెంటు, ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే బూడిద), ఇసుక కలిపిన జారుడు ముద్ద పోయండి. అది నీటి కంటే బరువు. గొట్టం అడుగుకు ఆనించి పోస్తే నీటిని పైకి నెట్టేస్తుంది, దాన్ని మోటారుతో తోడేయవచ్చు. బూడిద మనకు దూరం కాదు, పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. పై నాలుగడుగులూ నురుగు. అప్పుడు ట్యాంకుకు బరువూ ఉంటుంది.

మొత్తమంతా ఆ బూడిద ముద్దతోనే నింపవచ్చు కదా, చవక కదా అని అడుగుతారు. తూములో కుదరదు. దాని నీళ్ళు పైకి తేలి, కమాను కింద సన్నని ఖాళీ వదిలేస్తుంది. నురుగులో ఆ బెడద బాగా తక్కువ.

నురుగు ఇటుక (బొబ్బిలి వైపు) | మార్చి 19, 12:40

మాష్టారూ, నాకు చిన్న సి.ఎల్.సి. బ్లాకుల (నురుగు కాంక్రీటు ఇటుకల) యూనిట్ ఉంది. నురుగు యంత్రం, మిక్సరు ఉన్నాయి. బ్లాకులకు మేం 800, 1000 సాంద్రత చేస్తాం. వాటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2185 నాలుగో భాగం ఉంది. 570 ఎప్పుడూ చేయలేదు. దోహా అన్న పాళ్ళు చెప్తే చేసి చూపిస్తాను. యంత్రం బండి మీద తెస్తాను. లాభం చూసుకోను, నాకూ నేర్చుకున్నట్టుంటుంది.

టెక్కలి నుంచి దోహా | మార్చి 19, రాత్రి 11:00

తమ్ముడూ, క్యూబిక్ మీటరుకు 7 బస్తాలు, అంటే 350 కిలోల సిమెంటు. నీళ్ళు 190 లీటర్లు. ఇవి రెండూ కలిపి 300 లీటర్ల చోటు తీసుకుంటాయి. మిగతా 700 లీటర్లు నురుగు. నురుగు లీటరు 40 గ్రాములు తూగాలి. మొత్తం 568 కిలోలు. మాష్టారి పనికి నురుగు భాగం 23.3 క్యూబిక్ మీటర్లు, 163 బస్తాలు.

నురుగు బాగుందో లేదో చూడటానికి చిన్న బకెట్టులో పట్టి తలకిందులు చెయ్యి. జారకుండా అంటుకుని ఉండాలి. అడుగున నీళ్ళు చేరితే ఆ నురుగు పారబొయ్యి.

ముద్ద తయారయ్యాక సరిగ్గా 10 లీటర్లు పట్టే బకెట్టు నిండా తీసి, అంచుతో సమం చేసి తూచు. బకెట్టు బరువు పోను 5.7 కిలోలు రావాలి. 5.2 నుంచి 6.2 మధ్య అయితే పోసుకో. దాటితే పోయొద్దు. మిక్సరు దగ్గర ఒకసారి, గొట్టం చివర ఒకసారి తూచు. గొట్టంలో నడిచేటప్పుడు కొంత నురుగు చస్తుంది, ఆ తేడా తెలియాలి.

చేతికి గ్లవ్స్ మర్చిపోకు. ఈ ముద్ద మెత్తగా ఉంటుంది కాబట్టి సిమెంటన్న సంగతి మరిచిపోతారు, సాయంత్రానికి చర్మం కాలిపోతుంది.

కోటగోడ | ఏప్రిల్ 2, రాత్రి 9:15

ఇవాళ మాష్టారి ఇంటికి వెళ్ళాను. సెల్ఫోను కర్రకు కట్టి లోపలికి దింపి 140 ఫోటోలు తీశాం. ఇటుకలు పల్చటివి, ఇప్పటి ఇటుకలో సగం మందం. దర్జుల్లో సున్నం తెల్లగా ఉంది, మధ్యలో నల్లటి బొగ్గు పలుకులు. అడుగున బోలుగా, గిన్నెలా వంపు తిప్పి కట్టారు, కాస్త నీరున్నా బురద నిలవకుండా కొట్టుకుపోవడానికి. కట్టిన వాడెవడో గాని పని తెలిసిన వాడు. అన్నీ కాగితం మీద గీసి మాష్టారికి ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచాను. ఇక నింపుకోమని నేనే చెప్పాను.

కోనేటిగట్టు మాష్టారు | ఏప్రిల్ 13, రాత్రి 8:30

మొదలుపెట్టాం. మూడు రోజుల ముందే ట్యాంకరు వచ్చి బురద లాగేసింది, జెట్‌తో కడిగాం. తూము మూత తీసి మూడు రాత్రులు వదిలేశాం. నిన్న ట్యాంకు అడుగున బూడిద ముద్ద పోశాం, ఊట నీళ్ళు పైకి లేచి మోటారులోకి వెళ్ళిపోయాయి. చూడముచ్చటగా ఉంది.

ఇవాళ తూములో మొదటి వాయి. మొదటి బకెట్టు తూకం 7.4. పారబోశాం. రెండోది 7.1. నురుగు ఇటుక తమ్ముడి ముఖం వాడిపోయింది. నురుగు చేతిలోకి తీసుకుంటే సబ్బు నీళ్ళలా వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. అతనే కంప్రెసరు ముల్లు చూసి పట్టుకున్నాడు. వీధిలో ఓల్టేజీ లేక గాలి ఒత్తిడి పడిపోతోంది. అద్దె జనరేటరు వచ్చే దాకా రెండు గంటలు ఆగాం. ఆ తర్వాత నురుగు తెల్లగా, మీగడలా, బకెట్టు తిరగేస్తే కదలకుండా నిలబడింది. తూకం 5.8. మేస్త్రీ అరచేతిలో పట్టుకుని, "ఇదేటండీ మాష్టారూ, మినపరుబ్బులాగుంది, బరువే లేదు" అన్నాడు.

కన్నంలో పోస్తే చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. 60 అడుగుల అవతల నిలబెట్టిన కర్ర మీద గీత దగ్గరికి మెల్లగా పాకి రావడం టార్చి వెలుగులో చూశాను. రెండడుగులు, 10 క్యూబిక్ మీటర్లు, సాయంత్రం ఆరున్నరకు పూర్తి.

కోనేటిగట్టు మాష్టారు | ఏప్రిల్ 14, ఉదయం 6:10

టెన్షన్‌గా ఉంది. రాత్రి గీత దగ్గర ఉన్నది తెల్లారేసరికి బొటనవేలు మందం దిగింది. పాడైపోయిందా?

టెక్కలి నుంచి దోహా | ఏప్రిల్ 14, 6:25

కంగారు పడకండి. గోడలు ముందు తడిపారా?

కోనేటిగట్టు మాష్టారు | ఏప్రిల్ 14, 6:30

జెట్‌తో కడిగింది నాలుగు రోజుల క్రితం. నిన్న తడపలేదు.

టెక్కలి నుంచి దోహా | ఏప్రిల్ 14, 6:45

అదే కారణం అయ్యుంటుంది. ఏప్రిల్ ఎండకు ఎండిన పాత ఇటుక నీళ్ళు లాగేస్తుంది, గోడ పక్కన నురుగు కొంత చస్తుంది. ఊడిన ఇటుక సందుల్లోకి కూడా కొంత వెళ్ళి ఉంటుంది, అది మంచిదే. పైనుంచి మేకు దింపి చూడండి. బలంగా నొక్కితే కొద్దిగా దిగాలి, సుద్దలా పొడి రాలకూడదు.

కోనేటిగట్టు మాష్టారు | ఏప్రిల్ 14, 7:30

కర్ర చివర మేకు కట్టి గుచ్చాం. అర అంగుళం దిగి ఆగింది. పొడి లేదు. ఇవాళ పై గోడలు తడిపి రెండో వాయి పోస్తాం.

కోనేటిగట్టు మాష్టారు | ఏప్రిల్ 15, రాత్రి 7:50

నిన్న తూము, ఇవాళ ట్యాంకు పై భాగం, రెండూ పూర్తయ్యాయి. నిన్న సాయంత్రం నాలుగున్నరకు అవతలి పి.వి.సి. పైపులోంచి ముందు గాలి బుస్సుమంది, తర్వాత బూడిద రంగు నీళ్ళు, తర్వాత చిక్కటి ముద్ద. మూల ఇంటి పెద్దావిడ కుర్చీ వేయించుకుని చివరి దాకా చూశారు. 163 అన్న లెక్కకు 171 బస్తాలు పట్టాయి. పారబోసినవి, సందుల్లోకి పోయినవి కలిపి ఆ ఎనిమిది.

ఏడురోడ్ల దగ్గర (శ్రీకాకుళం) | ఏప్రిల్ 20, ఉదయం 10:00

ఇదంతా మొదటి నుంచి చదివాను. మా ఇంట్లో వాడని నుయ్యి ఉంది, 40 అడుగులు. ఇలాగే నురుగుతో నింపించాలనుకుంటున్నాను.

మట్టి పరీక్ష | ఏప్రిల్ 20, 10:40

అండీ, నుయ్యి వేరు. అది నీళ్ళున్న పొర దాకా దిగిన దారి. నాగావళి పక్కన ఊరు మీది, నీళ్ళు పైనే ఉంటాయి, నురుగు తేలుతుంది. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. బాగుంటే గట్టి మూత వేసి, వాన నీళ్ళు వడకట్టి వదలండి. ఉన్న నుయ్యి పూడ్చడానికి నాకు మనసొప్పదు.

నురుగు అసలు పెద్ద పని ఎక్కడ చేసిందో చెప్తాను. ఇంగ్లండ్‌లో బాత్ నగరం పక్కన కూంబ్ డౌన్ అని ఊరుంది. పాత రాతి గనులు సరిగ్గా ఇళ్ళ కిందే ఉండేవి. 2000ల దశకంలో వాటిని సుమారు 6 లక్షల క్యూబిక్ మీటర్ల నురుగు కాంక్రీటుతో నింపారు. అక్కడ కూడా గబ్బిలాలు ఉండే దారులు మాత్రం వదిలిపెట్టారు. ఏది నింపాలో, ఏది వదలాలో ముందు తేల్చుకున్నారు.

కోనేటిగట్టు మాష్టారు | సెప్టెంబరు 21, సాయంత్రం 5:30

వర్షాలు తగ్గాక రాద్దామని ఆగాను. పెరట్లో గచ్చు మీద మూడు చోట్ల మేకులు కొట్టి, మట్టం గొట్టంతో ప్రతి ఆదివారం చూశాను. నీళ్ళ గొట్టంలో కంటికి తెలిసే తేడా లేదు. జులైలో మోకాలి లోతు నీళ్ళు వీధిలో నిలిచిన రోజు ట్యాంకు మూత మీద నిలబడి చూశాను. లేవలేదు, దిగలేదు. పెద్దావిడ ఉతికే రాయి నీళ్ళు కొత్త కాలువలోకి పోతున్నాయి.

వీధి భాగానికి ఆగస్టులో అనుమతి వచ్చింది. అయితే అడ్డుగోడ అవతల పొడిగా ఉందా అని చూద్దామని మూత తీస్తే, అడుగున గిన్నె వంపులో నీళ్ళు పారుతున్నాయి. వాన పడి ఎనిమిది రోజులైంది. మా వైపు నుంచి వచ్చే దారి లేదు. వీధికి అవతలి వైపు నుంచి ఏదో వస్తోంది. అనుమతి కాగితం జేబులో ఉన్నా నింపడం ఆపేయించాను. కోటగోడ గారు గీసిన పటం నకలు వార్డు సచివాలయంలో ఇచ్చి వచ్చాను. రంగు పొట్లాలు ఇంకా ఆరు ఉన్నాయి. రేపు ఉదయం ఏడింటికి అవతలి వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెడుతున్నాం. దగ్గర్లో ఉన్న వాళ్ళు టార్చి తెచ్చుకుని రండి.